క్యూలో ఆగిన 41 వేల మెయిళ్ళు: భీమవరం దగ్గర ఒక రొయ్యల ఎగుమతి సంస్థ మెయిల్ సర్వర్ కేసు

భీమవరం చుట్టుపక్కల చెరువుల నుంచి వనామీ రొయ్యలు కొని, తలలు తీసి, కౌంట్ ప్రకారం గ్రేడింగ్ చేసి, ఫ్రీజ్ చేసి కంటైనర్లలో ఎక్కించే సంస్థ ఇది. ప్లాంటులోనూ, ఆకివీడు, నరసాపురం వైపు కొనుగోలు కేంద్రాల్లోనూ, విశాఖలో డాక్యుమెంట్లు చూసే ఆఫీసులోనూ కలిపి 96 మెయిల్ బాక్సులున్నాయి. సర్వర్ ఒక్కటే. ఉబుంటు లినక్స్ మీద మెయిళ్ళు పంపి, అందుకోడానికి పోస్ట్‌ఫిక్స్, బాక్సులు తెరిచి చూపడానికి డవ్‌కాట్, బ్రౌజర్‌లో చదివే వెబ్‌మెయిల్‌కి రౌండ్‌క్యూబ్. ప్లాంటు ఆఫీసు కింది అంతస్తులో, బిల్లింగ్ కౌంటర్ వెనక గదిలో ఉండేది.

ఇక్కడ మెయిల్‌లో నడిచేవి ముఖ్యంగా ఎగుమతి కాగితాలు: బిల్ ఆఫ్ లేడింగ్ కాపీ, హెల్త్ సర్టిఫికెట్, యాంటీబయాటిక్ అవశేషాల ల్యాబ్ రిపోర్టు, ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు. ఇవి కొనుగోలుదారుకి వేళకి అందకపోతే సరుకు అవతలి రేవులో దిగి కూర్చుంటుంది. రీఫర్ (చల్లగా ఉంచే) కంటైనర్ కరెంటు చార్జీ, డెమరేజ్ (రేవులో నిలిచిపోయినందుకు కట్టే రుసుము) రోజురోజుకీ పెరుగుతాయి.

మా దగ్గరికి వచ్చిన ఫిర్యాదులు రెండు. మొదటిది నెలల నాటిది: విదేశీ కొనుగోలుదారులకి పంపే మెయిళ్ళు వాళ్ళ స్పామ్ ఫోల్డర్‌లో పడుతున్నాయి. రెండోది ఒక సోమవారం ఉదయం మొదలైంది: ఏ మెయిలూ బయటికి వెళ్ళడం లేదు. డాక్యుమెంటేషన్ గుమస్తా మాట మాత్రం ఒకటే: "సెంట్‌లో కనపడతా ఉందండి, వెళ్ళినట్టేనండి."

సెంట్ ఫోల్డర్‌లో కనపడటానికీ, అవతలి మెయిల్ బాక్సులో పడటానికీ సంబంధం లేదు. మెయిల్ ప్రోగ్రాం ఒక కాపీ ఐమ్యాప్ (బాక్సులోని మెయిళ్ళు చదివే, దాచే పద్ధతి) ద్వారా సెంట్‌లో దాస్తుంది, ఇంకో కాపీ 587 పోర్టు (మెయిళ్ళు అప్పగించే తలుపు నంబరు) మీద మన సర్వర్‌కి అప్పగిస్తుంది. మన సర్వర్ దాన్ని క్యూలో పెట్టుకుని, అవతలి డొమైన్ ఎంఎక్స్ రికార్డు (ఆ డొమైన్ మెయిళ్ళు ఏ సర్వర్ తీసుకుంటుందో చెప్పేది) వెతికి, 25 పోర్టు మీద ఆ సర్వర్‌తో మాట్లాడుతుంది. అవతలివాడు 250 అని జవాబిస్తేనే ఆ సర్వర్‌కి చేరినట్టు. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు ఇది ఒంటబట్టేదాకా ఇంకేమీ నేర్చుకోనక్కర్లేదు.

క్యూ చదవడం

సంస్థ సిబ్బంది మొదట సర్వర్‌ని రెండుసార్లు రీస్టార్ట్ చేసి, క్యూని ఫ్లష్ చేశారు, అంటే ఆగినవన్నీ వెంటనే మళ్ళీ పంపమన్నారు. ఫ్లష్ చెయ్యడం పొరపాటు. వాయిదా పడ్డ మెయిళ్ళన్నీ ఒకేసారి మళ్ళీ అవతలి సర్వర్ల తలుపు కొట్టాయి, వాళ్ళు మన ఐపీ (సర్వర్ ఇంటర్నెట్ చిరునామా) మీద ఇంకా బిగించారు. లాకు పైన నీళ్ళు ఎందుకు పెరిగాయో గేజీ చూడకుండా తలుపులెత్తడం లాంటి పని ఇది. ముందు క్యూ చూడాలి, తర్వాత లాగ్ చూడాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి.

పోస్ట్‌క్యూ కమాండ్‌కి చిన్న 'పీ' ఇస్తే క్యూ మొత్తం కనపడుతుంది. ఇక్కడ 41 వేల పైచిలుకు మెయిళ్ళు, దాదాపు అన్నీ డిఫర్డ్ (వాయిదా పడ్డ) క్యూలో. ప్రతి మెయిల్ కింద బ్రాకెట్లో కారణం ఉంటుంది, అందులో మూడంకెల కోడ్ చూడాలి. 4తో మొదలైతే తాత్కాలికం, మళ్ళీ ప్రయత్నించమని అర్థం. 5తో మొదలైతే శాశ్వత తిరస్కారం, ఆ మెయిల్ వెంటనే పంపినవాళ్ళకి బౌన్స్ అవుతుంది. ఇక్కడ ఎక్కువగా ఉన్నది 421: మీ ఐపీ నుంచి అసాధారణంగా మెయిళ్ళు వస్తున్నాయి, కాబట్టి వేగం తగ్గించాం అన్న సందేశం. ఇవి కాక బ్లాక్‌లిస్టు (స్పామ్ పంపే ఐపీల జాబితా) పేరుతో వచ్చిన 554 తిరస్కారాలు కూడా ఉన్నాయి. అవి క్యూలో ఉండవు, లాగ్‌లోనే దొరుకుతాయి.

తర్వాత పంపినవారి వారీగా లెక్క తీయాలి. క్యూలో ఫ్రమ్ అడ్రసులు వందల రకాలు, సంస్థవి కానివే ఎక్కువ. అంటే ఎవరో లోపలినుంచే పంపుతున్నారు. మెయిల్ లాగ్‌లో ప్రతి సబ్మిషన్ లైన్‌లో సాసల్ యూజర్‌నేమ్ అనే ఫీల్డు ఉంటుంది. ఫ్రమ్ అడ్రస్ ఏమని రాసుకున్నా, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వచ్చింది ఎవరో అక్కడ పడుతుంది. ఆ ఫీల్డుని లెక్కేస్తే అకౌంట్స్ విభాగంలోని ఒక్క మెయిల్ బాక్సు పేరే వేలసార్లు వచ్చింది, ఒక్కోసారి ఒక్కో దేశపు ఐపీ నుంచి. "మీ మెయిల్ బాక్స్ నిండిపోయింది, కోటా పెంచుకోడానికి ఇక్కడ లాగిన్ అవ్వండి" అన్న మెయిల్, అచ్చం రౌండ్‌క్యూబ్‌లా కనపడే పేజీ. పాస్‌వర్డ్ అలా పోయింది.

ఆపడం, అదీ వరస ప్రకారం

ముందుగా క్యూ అంతటినీ పోస్ట్‌సూపర్ కమాండ్‌తో హోల్డ్‌లో పెట్టాలి, అంటే ఎక్కడివక్కడ ఆపాలి. తుడిచేయకూడదు. ఆ 41 వేలలో నిజమైన మెయిళ్ళు 130 ఉన్నాయి, వాటిలో రెండు కంటైనర్ల కాగితాలున్నాయి. తర్వాత ఆ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చాలి. చాలామంది ఇక్కడితో ఆగుతారు, అది చాలదు. పాస్‌వర్డ్ మార్చినా అప్పటికే తెరిచి ఉన్న ఐమ్యాప్ కనెక్షన్ తెగదు. డవ్‌కాట్ కమాండ్ డవ్‌అడ్మ్ కిక్ ఇచ్చి ఆ యూజర్‌ని బయటికి నెట్టాలి. డవ్‌కాట్‌లో ఆథ్ క్యాషె (సరిచూసిన పాస్‌వర్డ్‌లని కాసేపు గుర్తుంచుకునే చోటు) వాడుతుంటే పాత పాస్‌వర్డ్ దాని గడువు తీరేదాకా, డిఫాల్ట్‌గా గంటసేపు, పనిచేస్తూనే ఉండొచ్చు. కాబట్టి క్యాషెని కూడా ఖాళీ చెయ్యాలి. పోస్ట్‌ఫిక్స్ వైపు ఆ లాగిన్‌ని యాక్సెస్ మ్యాప్‌లో (ఎవరిని రానివ్వాలో రాసే పట్టిక) రిజెక్ట్ అని రాస్తే తలుపు రెండువైపులా మూసినట్టవుతుంది.

స్పామ్ మెయిళ్ళు వేరుచేయడానికి క్యూని జేసన్ అనే, స్క్రిప్టులు సులువుగా చదివే రూపంలో తీసుకోవచ్చు. పోస్ట్‌ఫిక్స్ 3.1 నుంచి ఆ సదుపాయం ఉంది. పంపినవారి డొమైన్ సంస్థది కాని ఐడీలన్నీ ఏరి పోస్ట్‌సూపర్ డిలీట్‌కి ఇస్తే ఒక్క దెబ్బకి పోతాయి. సంస్థ పేరుతోనే ఉన్నవాటిలోంచి కొన్ని పోస్ట్‌క్యాట్‌తో తెరిచి చదివాకే మిగతా హోల్డ్ విడుదల చెయ్యాలి.

ఈ కేసులో అసలు ప్రమాదం స్పామ్ కానేకాదు. ఆ మెయిల్ బాక్సు సీవ్ ఫిల్టర్లు (వచ్చిన మెయిళ్ళని వాటంతటవే మళ్ళించే రూల్స్) తెరిస్తే, ఎవరూ రాయని రూల్ ఒకటి కనపడింది. ఇన్వాయిస్, స్విఫ్ట్ (విదేశీ బ్యాంకు బదిలీ), పేమెంట్ అన్న మాటలున్న ప్రతి మెయిల్ కాపీ ఒక బయటి అడ్రస్‌కి వెళుతోంది. ఆ మెయిళ్ళకి వచ్చే జవాబులు ఇన్‌బాక్సులో కనపడకుండా ఎవరూ చూడని ఫోల్డర్‌కి మళ్ళుతున్నాయి. రూల్ ఫైలు తేదీ చూస్తే స్పామ్ మొదలవడానికి 19 రోజుల ముందుది. దొంగ దాదాపు మూడు వారాల పాటు చప్పుడు చెయ్యకుండా ఇన్వాయిస్‌లు చదువుకున్నాడు. స్పామ్ దూకకపోతే ఇంకెంతకాలం చదివేవాడో. ఒక కొనుగోలుదారుకి "మా బ్యాంకు ఖాతా మారింది" అన్న మెయిల్ అప్పటికే వెళ్ళింది. సంస్థ డొమైన్‌లో 'ఎం' ఉన్న చోట 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెట్టి కొన్న డొమైన్ నుంచి వచ్చింది. ఆ కొనుగోలుదారు ఫోన్ చేసి అడిగారు కాబట్టి డబ్బు నిలిచింది.

అందుకని అకౌంట్ దొంగ చేతికి చిక్కిన ప్రతిసారీ డవ్‌అడ్మ్ సీవ్ లిస్ట్‌తో ఆ ఒక్క బాక్సు మాత్రమే చూసి వదలకూడదు, అన్ని బాక్సులూ చూడాలి. ఇక్కడ 96 బాక్సులకీ చిన్న స్క్రిప్టు రాసి చూశాం. ఇంకో బాక్సులో కూడా అదే రూల్ దొరికింది. కొనుగోలుదారులందరికీ పాత ఒప్పందం కాగితాల మీదున్న నంబర్లకి ఫోన్ చేసి చెప్పించాం. ఆ మెయిల్ మీదున్న నంబరుకి చేస్తే దొంగే ఎత్తుతాడు. ఒకవేళ డబ్బు వెళ్ళిపోయి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకి కూడా రాయాలి. ఎంత త్వరగా చెబితే ఖాతా స్తంభింపజేసే అవకాశం అంత ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి చొరబాటుని గమనించిన 6 గంటల్లోపు తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి. ఉబుంటు మెయిల్ లాగ్‌ని డిఫాల్ట్‌గా వారానికొకసారి మడిచి, నాలుగు మాత్రమే ఉంచుతుంది. అంటే నెల దాటితే ఆధారం లేదు. లాగ్‌లు మడిచే లాగ్‌రొటేట్‌లో ఆ సంఖ్యని 27కి పెంచడం రెండు నిమిషాల పని. ఈ సర్వర్‌లో ఏళ్ళ తరబడి ఎవరూ చెయ్యలేదు.

మళ్ళీ జరక్కుండా రెండు మార్పులు చేశాం. లాగిన్ అయినవాళ్ళు తమ సొంత అడ్రస్ తప్ప ఇంకో ఫ్రమ్ అడ్రస్‌తో పంపలేకుండా సెండర్ లాగిన్ మ్యాప్ పెట్టి, మిస్‌మ్యాచ్ అయితే రిజెక్ట్ చెయ్యమన్నాం. రెండోది, గంటకి ఒక యూజర్‌కి 100 మెయిళ్ళ పరిమితి. పోస్ట్‌ఫిక్స్‌లో ఉన్న రేట్ లిమిట్ ఐపీ వారీగా లెక్కపెడుతుంది. దొంగ వంద ఐపీల నుంచి వస్తే దానికి అడ్డే లేదు. సాసల్ యూజర్‌నేమ్ వారీగా లెక్కపెట్టాలంటే పాలసీ సర్వర్ (మెయిల్ తీసుకోవాలా వద్దా అని పోస్ట్‌ఫిక్స్ అడిగే చిన్న ప్రోగ్రాం) వేరుగా పెట్టుకోవాలి. కష్టమైన పనేమీ కాదు కానీ, దాదాపు ఏ చిన్న సర్వర్‌లోనూ కనపడదు.

స్పామ్ ఫోల్డర్ సంగతి

ఇప్పుడు పాత ఫిర్యాదు. అవతలి సర్వర్ మనల్ని ఎవరో తెలియని మనిషిలాగే చూస్తుంది. గుర్తింపు కాగితాలన్నీ డీఎన్‌ఎస్‌లో (డొమైన్ పేర్ల డైరెక్టరీ) ఉంటాయి. కొనుగోలుదారు జీమెయిల్‌లో 'షో ఒరిజినల్' తెరిచి పంపిన హెడర్లు చూస్తే నాలుగు లోపాలూ ఒకేసారి కనపడ్డాయి.

రివర్స్ డీఎన్‌ఎస్, అంటే ఐపీని బట్టి పేరు చెప్పే పీటీఆర్ రికార్డు, బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ పెట్టిన అడ్డదిడ్డపు పేరుకి చూపిస్తోంది. సర్వర్ 'హెలో' చెప్పేటప్పుడు ఇచ్చే పేరు, ఆ పేరుకి ఉన్న 'ఏ' (A) రికార్డు (పేరుని బట్టి ఐపీ చెప్పేది), ఐపీకి ఉన్న పీటీఆర్ ఈ మూడూ ఒకదాన్నొకటి చూపించాలి. పీటీఆర్ మనం మార్చేది కాదు, ఐపీ ఇచ్చినవాళ్ళు మార్చాలి. చాలా కనెక్షన్లలో వాళ్ళు మార్చరు, కొందరు 25 పోర్టునే మూసేస్తారు. పైగా ఇంటి కనెక్షన్ల ఐపీ శ్రేణులు స్పామ్‌హౌస్ సంస్థ పీబీఎల్‌లో (నేరుగా మెయిల్ పంపకూడని ఐపీల జాబితా) చాలావరకు ముందే ఉంటాయి. మెయిల్ సర్వర్‌ని ప్లాంటులో పెట్టుకోవద్దని చెప్పడానికి ఇదొక్కటే చాలు.

ఎస్‌పీఎఫ్ (మన డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే జాబితా) రికార్డులు రెండున్నాయి. పాత వెబ్‌సైట్ చేసినవాళ్ళు ఒకటి, సర్వర్ పెట్టినవాళ్ళు ఒకటి రాశారు. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ ఒక్కటే ఉండాలి. రెండుంటే ఫలితం పెర్మ్‌ఎర్రర్, అంటే లేనట్టే లెక్క. రెండూ కలిపి ఒకటి చేసేటప్పుడు ఇంకో చిక్కు వచ్చింది: ఇన్‌క్లూడ్‌లు (వేరేవాళ్ళ జాబితాని చేర్చుకునే మాటలు), 'ఏ' (A), ఎంఎక్స్ లాంటివన్నీ కలిపి డీఎన్‌ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదు. ఒక ఇన్‌క్లూడ్ లోపల ఉన్న ఇన్‌క్లూడ్‌లు కూడా లెక్కలోకే వస్తాయి. ఇక్కడ 13 అయ్యాయి. ఎప్పుడో మానేసిన ఎస్ఎంఎస్ కంపెనీది, హోస్టింగ్ కంపెనీది తీసేసి, సొంత సర్వర్‌ని ఐపీ4 అని నేరుగా రాస్తే 4కి దిగింది. ఐపీ4 రాస్తే వెతుకులాట లెక్క పెరగదు.

సర్వర్ ప్రతి మెయిల్ మీదా డీకిమ్ (మెయిల్ మన డొమైన్‌దే, దారిలో మారలేదు అని చూపే) సంతకం వేస్తోంది కానీ అవతల ఫెయిల్ అవుతోంది. ఆ సంతకం సరిచూసే 2048 బిట్ల పబ్లిక్ కీ 255 అక్షరాలు దాటుతుంది, దాన్ని పెట్టే డీఎన్‌ఎస్ టీఎక్స్‌టీ రికార్డులో ఒక్కో ముక్క 255 దాటకూడదు. డొమైన్ ప్యానెల్ మిగతాది చడీచప్పుడు లేకుండా కోసేసింది. కీని రెండు కొటేషన్ ముక్కలుగా రాస్తే సరిపోయింది. రాసిన ప్రతిసారీ డిగ్ కమాండ్‌తో బయటినుంచి చదివి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పోల్చి చూడాలి.

డీమార్క్ (ఎస్‌పీఎఫ్, డీకిమ్ తప్పిన మెయిల్‌ని ఏం చెయ్యాలో చెప్పే రికార్డు) అసలు లేదు. 2024 ఫిబ్రవరి నుంచి రోజుకి 5,000కి పైగా మెయిళ్ళు జీమెయిల్‌కి పంపేవాళ్ళకి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి. ఈ సంస్థ అంత పంపదు కానీ, మూడూ ఉన్నవాళ్ళ పక్కన లేనివాళ్ళు అనుమానంగానే కనపడతారు. మొదట 'నన్' (ఏమీ చెయ్యొద్దు) పాలసీతో పెట్టి, రిపోర్టులు రావడానికి వేరే మెయిల్ బాక్సు ఇచ్చాం. రిపోర్టులు మూడు వారాలు చదివితే మనకి తెలియకుండా మన పేరుతో పంపే చోట్లన్నీ బయటపడతాయి. ఇక్కడ తూకం బ్రిడ్జి సాఫ్ట్‌వేర్ ఒకటి రైతులకి స్లిప్పులు పంపుతోందని అప్పుడే తెలిసింది. ఒకటి గుర్తుంచుకోవాలి: డీమార్క్ మన డొమైన్‌ని కాపాడుతుందంతే. 'ఆర్', 'ఎన్' కలిపి కొన్న దొంగ డొమైన్‌ని ఆపదు. అక్కడ కాపాడేది ఫోన్ కాల్ ఒక్కటే.

బ్లాక్‌లిస్టులోంచి తీయమని అడగడం ఇవన్నీ అయ్యాకే. చిల్లు పూడ్చకుండా అడిగితే తీస్తారు, రెండో రోజు మళ్ళీ వేస్తారు, మూడోసారి అడిగితే పట్టించుకోరు.

వచ్చే మెయిళ్ళకి బ్లాక్‌లిస్టు వాడే చోట ఇంకో ముప్పు ఉంది. స్పామ్‌హౌస్‌ని గూగుల్ 8.8.8.8 లాంటి పబ్లిక్ రిజాల్వర్ (డీఎన్‌ఎస్ జవాబులు వెతికిపెట్టే సర్వర్) ద్వారా అడిగితే అది 127.255.255.254 అని జవాబిస్తుంది. అది "ఇలా అడగకూడదు" అనే హెచ్చరిక. పోస్ట్‌ఫిక్స్‌లో ఏ జవాబు వచ్చినా రిజెక్ట్ అని రాసి ఉంటే లోకంలో ప్రతి మెయిలూ తిరిగిపోతుంది. సర్వర్ మీదే అన్‌బౌండ్ రిజాల్వర్ నడపాలి, జవాబు 127.0.0.2 నుంచి 127.0.0.11 లోపు ఉంటేనే రిజెక్ట్ చెయ్యమని రాయాలి.

స్కాన్ చేసిన కాగితాలు

పోస్ట్‌ఫిక్స్ డిఫాల్ట్ మెయిల్ పరిమాణం 1,02,40,000 బైట్లు. 10 ఎంబీ ఫైలు వెళుతుందనుకుంటారు, వెళ్ళదు. అటాచ్‌మెంట్ బేస్64లోకి (మెయిల్‌లో వెళ్ళగల అక్షరాల రూపం) మారేటప్పుడు ప్రతి 3 బైట్లు 4 అవుతాయి, లైన్ విరుపులతో కలిపి మూడో వంతు పైనే పెరుగుతుంది. కాబట్టి అసలు ఫైలు 7 ఎంబీ దాటితే కష్టం. ఇక్కడ 3,67,00,160కి పెంచాం; అంటే 25 ఎంబీ దాకా ఫైలు వెళుతుంది. అయినా వెబ్‌మెయిల్ నుంచి వెళ్ళలేదు. వెబ్‌మెయిల్ నడిచే పీహెచ్‌పీ అప్‌లోడ్ పరిమితి డిఫాల్ట్‌గా 2 ఎంబీ, వెబ్ సర్వర్ ఎన్జినెక్స్‌ది 1 ఎంబీ. మూడు చోట్లా పెంచాలి.

పరిమితి పెంచడం కంటే స్కానర్ సరిచేయడం మేలు. ఏ4 పేజీని 300 డీపీఐలో రంగుల్లో తీస్తే కుదించకముందు సుమారు 26 ఎంబీ సమాచారం. 200 డీపీఐ గ్రేస్కేల్‌లో అదే పేజీ 4 ఎంబీ లోపు. ముద్రలు, సంతకాలు రెండింటిలోనూ చక్కగా చదవగలం. డాక్యుమెంటేషన్ ఆఫీసు స్కానర్లు రెండూ మార్చాక సైజు ఫిర్యాదులు ఆగాయి.

తప్పు అడ్రస్‌తో పంపిన మెయిల్ ఐదు రోజుల తర్వాత బౌన్స్ అవడం ఎగుమతిదారుకి పనికిరాదు. క్యూలో ఉండే గడువు డిఫాల్ట్‌గా 5 రోజులు, ఆలస్యం గురించి హెచ్చరిక డిఫాల్ట్‌గా లేదు. ఆలస్యం హెచ్చరిక 2 గంటలకి, గడువు 2 రోజులకి మార్చాం. ఇప్పుడు గుమస్తాకి రెండు గంటల్లో కబురు అందుతుంది.

నీళ్ళు, ఉప్పు గాలి, కరెంటు

డెల్టాలో కింది అంతస్తులో సర్వర్ పెట్టడం సరికాదు. భూగర్భజలం పైపైనే ఉంటుంది, అక్టోబరు, నవంబరు వాయుగుండాలకి డ్రెయిన్లు ఎగదన్నితే ముందు మునిగేవి ఇలాంటి గదులే. నరసాపురం వైపు ఉప్పు గాలికి మెమరీ స్లాట్లు, నెట్‌వర్క్ సాకెట్లు పచ్చగా చిలుమెక్కుతాయి. ప్లాంటులో కంప్రెసర్లు ఆన్ అయినప్పుడల్లా వోల్టేజి పడి, యూపీఎస్ బ్యాటరీల మీదికి వెళ్ళి వస్తూ రెండేళ్ళలోనే బ్యాటరీలు పోయాయి.

మెయిల్ సర్వర్‌ని హైదరాబాద్ డేటా సెంటర్‌లో పీటీఆర్ మార్చుకోనిచ్చే వర్చువల్ సర్వర్‌కి తరలించాం. ముందురోజు డీఎన్‌ఎస్ టీటీఎల్ (పాత జవాబుని ఎంతసేపు గుర్తుంచుకోవచ్చో చెప్పేది) 86,400 నుంచి 300 సెకన్లకి తగ్గించి, డవ్‌కాట్ సింక్‌తో బాక్సులన్నీ రెండుసార్లు కాపీ చేసి, శనివారం రాత్రి ఎంఎక్స్ మార్చాం. పాత సర్వర్ వారం రోజులు ఆన్‌లోనే ఉంచి, అక్కడికి వచ్చిన మెయిళ్ళు కొత్త సర్వర్‌కి మళ్ళించాం.

బ్యాకప్ ఎంఎక్స్ (అసలు సర్వర్ పడిపోతే మెయిళ్ళు పట్టుకునే రెండో సర్వర్) పెట్టమని యాజమాన్యం అడిగింది. వద్దన్నాం. సర్వర్ ఒక రోజు పడిపోయినా పంపేవాళ్ళ సర్వర్లు సాధారణంగా నాలుగైదు రోజులు ప్రయత్నిస్తాయి. ఏ బాక్సులున్నాయో తెలియని బ్యాకప్ ఎంఎక్స్ అన్ని మెయిళ్ళూ పుచ్చుకుని, తర్వాత తెలియనివాళ్ళకి బౌన్సులు పంపుతుంది. అదే మళ్ళీ బ్లాక్‌లిస్టుకి దారి.

డిస్క్ మీద కన్నేయాలి. ఖాళీ స్థలం మెయిల్ పరిమితికి ఒకటిన్నర రెట్ల కంటే తగ్గితే పోస్ట్‌ఫిక్స్ 452 చెప్పి మెయిళ్ళు తీసుకోదు. మెయిల్‌డిర్‌లో ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు కాబట్టి, గిగాబైట్లు మిగిలినా ఐనోడ్లు (డిస్క్ మీద ఒక్కో ఫైలుకీ ఒకటి చొప్పున పట్టే నమోదులు) అయిపోవచ్చు. రెండూ వేర్వేరుగా చూడాలి.

సర్వర్ గుర్తింపు చూపే ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్ దగ్గర ఇంకో పొరపాటు తరచు జరుగుతుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ 90 రోజులది, దానంతటది రెన్యూ అవుతుంది. కానీ డవ్‌కాట్‌ని రీలోడ్ చెయ్యకపోతే అది మెమరీలో ఉన్న పాతదే చూపిస్తుంది, పోస్ట్‌ఫిక్స్ కూడా నడుస్తున్న ప్రాసెస్‌లు మారేదాకా పాతదే చూపించొచ్చు. ఫైలు చూస్తే కొత్తది, ఫోన్లలో మాత్రం గడువు తీరిందన్న హెచ్చరిక. రెన్యూవల్ హుక్‌లో (రెన్యూ అవగానే నడిచే స్క్రిప్టు) రెండు రీలోడ్‌లు రాసి, మెయిల్ ప్రోగ్రాములు వాడే 993, 465 పోర్టుల మీద బయటినుంచి గడువు తేదీ చూసే చిన్న చెక్ పెట్టాం.

ప్లాంటులో మిగిలింది రాత్రిపూట బ్యాకప్ కాపీ దాచుకునే పెట్టె, పై అంతస్తులో. నెలకొకసారి ఒక మెయిల్ బాక్సుని దాని నుంచి వేరే పేరుతో పునరుద్ధరించి, మెయిళ్ళ లెక్క సరిపోల్చాలి. మొదటిసారి చేసినప్పుడు సీవ్ రూల్స్ ఫోల్డర్ బ్యాకప్‌లో లేదని బయటపడింది, ఆ రాత్రే చేర్చాం.

ఇప్పుడు ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ పాస్ అవుతున్నాయి, కొనుగోలుదారుల ఇన్‌బాక్సుల్లోనే మెయిళ్ళు పడుతున్నాయి. డీమార్క్ పాలసీ 'క్వారంటీన్' (తప్పినవాటిని స్పామ్‌లో వెయ్యి) దగ్గర ఉంది. తూకం బ్రిడ్జి సాఫ్ట్‌వేర్ స్లిప్పుల మీద డీకిమ్ సంతకం ఇంకా పడటం లేదు. దాన్ని మన సర్వర్ 587 పోర్టు ద్వారా, దానికంటూ వేరే లాగిన్‌తో పంపించేలా మార్చాకే 'రిజెక్ట్'కి వెళ్ళాలి.